పొగచేలో మల్లె దగ్గర మొదలుపెడదాం

బోటనీ, అగ్రికల్చరు చదివే పిల్లలు అలెలోపతి మీద ప్రాజెక్టు చేస్తామని వస్తే, వాళ్ల చేతికి ముందుగా పెట్రీడిష్ ఇవ్వకూడదు. ఇది నా గట్టి అభిప్రాయం. ఒంగోలు, కందుకూరు మధ్య పొగాకు చేలల్లో పెరిగి, తర్వాత డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతూ, ఏటా వచ్చే ప్రాజెక్టు రిపోర్టులు దిద్దుతూ వచ్చిన అభిప్రాయం. పెట్రీడిష్ బదులు వాళ్లకు ఒక సీజనంతా మల్లె పడ్డ పొగచేను ఇవ్వాలి. మల్లె అంటే పూలమల్లె కాదు, పొగాకు వేళ్ల మీద పడి బతికే కలుపు. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను.

అలెలోపతి అంటే ఒక మొక్క వదిలే రసాయనాలు పక్క మొక్క మీద చూపే ప్రభావం. వియన్నా వృక్షశాస్త్రవేత్త హాన్స్ మోలిష్ 1937లో ఆ పేరు పెట్టాడు. మన దేశంలో ఈ రంగానికి మంచి పునాదే ఉంది. ఈ ఒక్క విషయానికే కేటాయించిన పత్రికను హర్యానాకు చెందిన ఎస్.ఎస్. నర్వాల్ 1994లో మొదలుపెట్టారు. ఆసక్తి ఉన్న పిల్లలూ మనకు ఉన్నారు. లేనిదల్లా వాళ్లకు ఈ పని నేర్పే పద్ధతి.

ఇప్పుడు ఎలా జరుగుతోందో చూడండి. కాలేజీ వెనక వయ్యారిభామ కోసుకొస్తారు. నీడన ఆరబెట్టి మిక్సీలో పొడి చేస్తారు. ఆ పొడిని ఒక రోజు నీళ్లలో నానబెట్టి, గుడ్డలో వడగట్టి, అయిదు శాతం, పది శాతం, ఇరవై శాతం అని మూడు సీసాల్లో పోస్తారు. పెట్రీడిష్‌లో వడపోత కాగితం పరిచి, దాని మీద పెసలు పేర్చి ఆ నీళ్లు పోస్తారు. కొన్ని రోజులకు మొలకలు లెక్కబెట్టి, వేరు పొడవు స్కేలుతో కొలుస్తారు. నీళ్లు ఎంత చిక్కగా ఉంటే మొలక అంత తక్కువ. గ్రాఫు గీస్తారు, వయ్యారిభామకు అలెలోపతి గుణం ఉందని రుజువైందని రాస్తారు, మార్కులు పడతాయి. మరుసటి ఏడు ఇంకో బ్యాచ్ వస్తుంది. ఈసారి ఆకు సుబాబులుదో జామాయిల్‌దో అవుతుంది. గ్రాఫు మాత్రం అదే.

అదే గ్రాఫు ఎందుకు వస్తుందో ఆ పిల్లల్ని ఎవరూ అడగరు. ఏ ఆకు పొడినైనా ఇరవై శాతం నానబెడితే ఆ నీళ్లలో లవణాలు, చక్కెరలు బోలెడు కరిగి ఉంటాయి. గింజ అందులోంచి నీరు పీల్చుకోలేదు. ఉప్పునీళ్లు పోసినా ఇదే జరుగుతుంది. అంటే మొలక ఆగింది విషం వల్లా, లేక నీళ్ల చిక్కదనం వల్లా? తేల్చడానికి దారి ఉంది. అంతే ఆస్మాటిక్ పీడనం (నీటిని తనలో పట్టి ఉంచే బలం) ఉన్న, విషం కాని మానిటాల్ ద్రావణాన్నో, పాలిఇథిలిన్ గ్లైకాల్ ద్రావణాన్నో ఇంకో వరస పెసల మీద పోసి పోల్చాలి. ఆమ్లత్వం కూడా సరిచూడాలి. నా చేతికొచ్చిన రిపోర్టుల్లో ఆ వరస కనిపించడం అరుదు. అసలు ప్రశ్న ఇంకోటి ఉంది. వయ్యారిభామలో పార్థెనిన్ అనే విషపదార్థం ఉన్న మాట నిజమే. కానీ చేలో ఏ ఆకూ మిక్సీలో పడదు. ఎండి రాలుతుంది, వాన చినుకులకు కాస్త కాస్త కారుతుంది. కారిందాన్ని బంకమట్టి పట్టేసుకుంటుంది, సూక్ష్మజీవులు తినేస్తాయి. ఒక్కోసారి సూక్ష్మజీవులే దాన్ని ఇంకా ఘాటైన పదార్థంగా మారుస్తాయి కూడా. రై, గోధుమ మొక్కల్లో బెంజాక్సజినాయిడ్లు అనే రసాయనాల విషయంలో ఇది బాగా తెలిసిన సంగతి. మట్టి లేని ప్రయోగం ఇవేవీ చూపించదు.

అందుకే మల్లె అంటున్నాను. మన వైపు రైతులకు చెప్పనక్కరలేదు, బయటివాళ్ల కోసం చెబుతాను. పొగాకు మల్లె అంటే ఒరొబాంకి. దానికి పచ్చదనం ఉండదు. వేరుకు అతుక్కుని బతికే పరాన్నజీవి. పొగాకు నాటిన నెలన్నర, రెండు నెలలకు మొక్క మొదట్లో పాలిపోయిన లావుపాటి కాడలు జానెడెత్తున లేస్తాయి, వాటికి ఊదా అంచుల పూలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి, పొగాకు మాత్రం వడిలిపోతుంది. దాని గింజ దుమ్ముకణమంత. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. ఒక్క మొక్క లక్ష దాకా గింజలు రాల్చగలదు. అవి నేలలో పదేళ్లకు పైగా చావకుండా పడుంటాయి.

ఆ గింజకు నీరు, వెచ్చదనం చాలవు. కొన్నాళ్లు తేమలో నానాక, దగ్గర్లో పొగాకు వేరు ఉందని కబురందితేనే మొలుస్తుంది. ఆ కబురు స్ట్రైగోలాక్టోన్లు అనే రసాయనాలు. పొగాకు వేళ్లు విడిచేవాటిలో ఒకదానికి పొగాకు కుటుంబమైన సొలనేసి పేరు మీదే సొలనకాల్ అని పేరు. వేళ్లు వీటిని ఎంత తక్కువగా విడుస్తాయంటే లెక్కలు పికోగ్రాముల్లోకి, అంటే గ్రాములో లక్షకోట్ల వంతుల్లోకి పోతాయి. ఆ కాస్తకే గింజ పగిలి, సన్నని పోగు లాంటి వేరు బయటికొస్తుంది. కొన్ని మిల్లీమీటర్ల లోపల పొగాకు వేరు తగిలితే అతుక్కుని లోపలికి చొచ్చుకుపోతుంది, తగలకపోతే చచ్చిపోతుంది. ఒక మొక్క రసాయనం ఇంకో మొక్క బతుకును ఇంత నేరుగా, కంటికి కనిపించేలా తేల్చేసే ఉదాహరణ ఇంకెక్కడ దొరుకుతుంది? మన పిల్లలకు అది సైకిలు మీద వెళ్లేంత దూరంలో ఉంది.

మల్లె పీకే కూలీల వెంట ఒకసారి మా విద్యార్థినిని పంపాను. ఆ అమ్మాయి పైకొచ్చిన కాడలు లెక్కబెట్టి నోట్‌బుక్కులో రాసుకుంటుంటే ఒకావిడ అందట: "పాపా, పైకొచ్చినాక పీకేదేముంది, అది తాగాల్సింది కిందే తాగేసింది." ఆ అమ్మాయి ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకొచ్చింది. పైకి కనిపించేసరికే నష్టం జరిగిపోయిందన్న సంగతి పుస్తకంలో చదవడం వేరు, పొద్దుటినుంచీ నడుం వంచి పీకిన మనిషి నోట వినడం వేరు. తర్వాత వారం ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న కూడా మారింది. ఎన్ని కాడలున్నాయని కాదు, కింద ఎన్ని అతుక్కుని ఉన్నాయి, అవి ఎప్పుడు అతుక్కున్నాయి అని అడిగింది. శిక్షణ అంటే నా దృష్టిలో ఇదే.

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి లక్షల ఖరీదు యంత్రం అక్కర్లేదు. పాలిథిన్ సంచి పద్ధతి ఒకటి ఉంది, మల్లె జాతుల మీద పనిచేసేవాళ్లు దశాబ్దాలుగా వాడుతున్నారు. పారదర్శకమైన సంచిలో గాజుపీచు కాగితం పెట్టి, దాని మీద పొగాకు నారు వేళ్లు పరిచి, వేళ్ల పక్కన మల్లె గింజలు చల్లి, పోషక ద్రావణం పోసి చీకటి పడేలా కప్పి ఉంచాలి. పైన ఆకులకు మాత్రం వెలుతురు తగలాలి. రోజూ సంచి తెరవకుండానే భూతద్దంతో చూడొచ్చు. గోధుమరంగు గింజ అంచున ముందు తెల్లని మొన కనిపిస్తుంది. అది పొగాకు వేరు వైపు సాగుతుంది. అతుక్కున్న చోట కొన్నాళ్లకు ఆవగింజంత ముడి కడుతుంది, ఆ ముడి చుట్టూ పొట్టి వేళ్లు పుడతాయి. వేరుకు దూరంగా పడ్డ గింజలు మాత్రం పడ్డట్టే పడుంటాయి. దూరాన్ని బట్టి మొలక ఎలా తగ్గిందో కొలిస్తే, ఆ రసాయనం ఎంత దూరం పారుతుందో అంచనా కట్టడం మొదలైనట్టే.

ఇక్కడ ఒక జాగ్రత్త మొదటి రోజే నేర్పాలి. మల్లె గింజ పట్టుకుని పనిచేసే విద్యార్థి చెప్పులకు, బట్టలకు, సంచులకు అంటుకున్న దుమ్ముతో ఇంకో ఊరి చేను పాడు చేయగలడు. వాడిన ప్రతిదీ ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరి ఒత్తిడితో క్రిములూ గింజలూ చంపే పాత్రలో, ఉడికించాలి. పొలం నుంచి పొలానికి వెళ్లేముందు కాళ్లూ చెప్పులూ కడగాలి. ఏ గింజ ఎక్కడిది, ఎంత మిగిలిందన్నది రిజిస్టరులో రాయాలి. రైతు తన చేలోకి రానిచ్చాడంటే మనల్ని నమ్మాడని అర్థం. ఆ నమ్మకాన్ని కాపాడుకోవడం శిక్షణలో మొదటి పాఠం కావాలి.

రైతులకు ఇంకో సంగతి కూడా తెలుసు. మల్లె ఎక్కువైన చేలో జొన్నో నువ్వో పెసరో వేస్తే మల్లె తగ్గుతుంది. పొగాకు శాస్త్రవేత్తలు కూడా వీటిని ఎర పంటలుగా సూచిస్తారు. ఈ పంటల వేళ్లు కూడా కబురు పంపుతాయి, మల్లె గింజ మొలుస్తుంది, కానీ వాటి మీద అది బతకలేదు. మొలిచి చస్తుంది. అమెరికాలోని కరొలైనా రాష్ట్రాల్లో 1956లో మొక్కజొన్న మీద స్ట్రైగా (మల్లె లాగే వేళ్ల మీద బతికే ఇంకో పరాన్నజీవి మొక్క) బయటపడ్డప్పుడు, అక్కడివాళ్లు నేలలోకి ఇథిలిన్ వాయువు ఎక్కించి గింజల్ని ఇలాగే మొలిపించి చంపారు. మన రైతుకు ఆ వాయువు అందేది కాదు, నువ్వులు అందుతాయి. మరి మన ఎర్రనేలలో ఏ రకం నువ్వు ఎక్కువ మల్లెను మొలిపిస్తుంది? నల్లరేగడిలో కూడా అంతే పనిచేస్తుందా? దీనికి కావలసింది సన్నని నైలాన్ గుడ్డ. గుడ్డ పొట్లాల్లో లెక్కబెట్టిన గింజలు కట్టి, పంట వేళ్ల లోతులో పాతి, పంట కోశాక తవ్వి తీయాలి. మొలవనివి ఇంకా బతికున్నాయా అని టెట్రజోలియం అనే రసాయనంతో చూడాలి. బతికున్న పిండం ఎర్రబడుతుంది. ఒక జిల్లాలో పది కాలేజీల పిల్లలు ఒకే పద్ధతిలో, ఒకే రకం గుడ్డతో ఈ పని చేస్తే వచ్చే సమాచారం పెట్రీడిష్ రిపోర్టులు వందలు కలిపినా రాదు.

స్ట్రైగోలాక్టోన్ల కథ కూడా పిల్లలకు చెప్పాలి, ఓపిక అంటే ఏమిటో తెలుస్తుంది. స్ట్రైగా గింజను మొలిపించే స్ట్రైగాల్‌ను 1966లో మొదటిసారి వేరుచేసింది పత్తి వేళ్ల నుంచి. పత్తి మీద స్ట్రైగా బతకదు. తన శత్రువు కూడా కాని దానికి పత్తి కబురెందుకు పంపుతుంది? ఈ ప్రశ్న దాదాపు నలభై ఏళ్లు అలాగే ఉండిపోయింది. 2005లో జపాన్‌లో అకియామా బృందం చూపింది, ఆ కబురు అసలు వేళ్లతో చెలిమి చేసే మైకోరైజా శిలీంధ్రాల కోసమని. నేలలో భాస్వరం చాలనప్పుడు మొక్క ఆ శిలీంధ్రాన్ని పిలుస్తుంది. ఆ పిలుపును పరాన్నజీవి పొంచి వింటోంది. 2008లో రెండు బృందాలు విడివిడిగా ఇంకో సంగతి చెప్పాయి. అదే పదార్థాల కుటుంబం మొక్క లోపల కొమ్మలు ఎన్ని వేయాలో నియంత్రించే హార్మోను కూడా. ఒక కలుపు సమస్యతో మొదలైన ప్రశ్న మొక్కల శరీరధర్మాన్నే తిరగరాసింది. దీని నుంచి మన చేలకు ఒక ప్రశ్న సూటిగా పుడుతుంది. భాస్వరం ఎరువు మోతాదును బట్టి పొగచేలో మల్లె మారుతుందా? కుండీల్లో మొదలుపెట్టి చేలోకి వెళ్లే ప్రశ్న అది. డిగ్రీ పిల్లలు కూడా చేయగలరు.

ఇంత చెప్పి, ఇప్పుడు దీనికి ఎదురు చెప్పే ఉదాహరణ కూడా చెప్పాలి. అలెలోపతి చదివే ప్రతి విద్యార్థీ మొదటి నెలలో వినాల్సింది ఇదే. కాలిఫోర్నియా కొండల్లో సాల్వియా పొదల చుట్టూ మీటరు, రెండు మీటర్ల వెడల్పున గడ్డి మొలవని వలయాలుంటాయి. 1964లో ముల్లర్, ఆయన సహచరులు ఆ పొదల ఆకుల నుంచి వచ్చే సుగంధ ఆవిర్లు గడ్డి మొలకను ఆపుతున్నాయని సైన్స్ పత్రికలో రాశారు. కర్పూరం, సినియోల్ లాంటి ఆవిర్లు నిజంగానే ఉన్నాయి. ప్రయోగశాలలో అవి మొలకను నిజంగానే ఆపాయి. 1970లో బార్తొలొమ్యూ అనే ఆయన ఆ ఖాళీ నేల మీద ఇనుప వల కట్టాడు, ఎలుకలు, కుందేళ్లు, పక్షులు రాకుండా. వల లోపల గడ్డి చక్కగా మొలిచింది. పొదలో దాక్కునే జంతువులు చుట్టుపక్కల గింజల్ని, మొలకల్ని తినేస్తున్నాయన్నమాట. రసాయనం ఉంది, దాని శక్తీ ఉంది, అయినా నేల బోసిపోవడానికి ప్రధాన కారణం అది కాదు. వల ఖరీదెంత? ఆ వల కట్టాలన్న ఆలోచన విద్యార్థికి తనంతట తాను రావాలి. దాన్ని రప్పించడమే గురువు పని.

మనకూ అలాంటి వలయాలున్నాయి. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా హైవే పక్కన, చెరువుకట్టల మీద, బీడు భూముల్లో పరుచుకున్న చిల్లకంప కిందకు వెళ్లి చూడండి. ఇంకో మొక్క కనిపించడం కష్టం. దసరాకు మనం పూజచేసే జమ్మి దాని దాయాది, రెంటినీ ప్రొసోపిస్ జాతిగానే చెబుతూ వచ్చారు. జమ్మి కింద గడ్డీ గాదం పెరుగుతాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఇందర్‌జీత్ బృందం 2012లో ఈ రెంటినీ పోల్చింది. మన దేశంలో చిల్లకంప కింద మొక్కల రకాలు బాగా తగ్గాయని, జమ్మి కింద అలా లేదని చూపింది. అంతేకాదు, చిల్లకంప సొంతగడ్డ అయిన దక్షిణ అమెరికాలో దానికి ఆ దౌర్జన్యం లేదు. ఇంత చక్కని పోలిక మన గుడి పక్కనే ఉంది. అయితే మన పిల్లలు ఆకు రసం తీసే ముందు చిల్లకంప నీడను కొలవాలి, మేకలు ఎక్కువగా ఎక్కడ పడుకుంటాయో చూడాలి, తేమ కొలవాలి, నేల మీద పడ్డ ఆకును ఒక చోట ఊడ్చి, ఇంకో చోట అంతే మందాన ప్లాస్టిక్ ముక్కలు పరిచి చూడాలి. నీడా, మేకా, తేమా కారణం కాదని తేలాకే చిల్లకంప ఆకుల్లో దొరికిన ట్రిప్టొఫాన్, సిరింజిన్ లాంటి రసాయనాల పేర్లు ఎత్తాలి.

పోటీకీ విషానికీ తేడా తెలుసుకునే ఒక తేలిక పద్ధతి నాకు చాలా ఇష్టం. వైడెన్‌హామర్ 1989లో చూపించినది. ఒకే పరిమాణం కుండీల్లో పరీక్ష మొక్కలు కొన్నింటిలో రెండు, కొన్నింటిలో ఇరవై వేయండి. నీరు, ఎరువు చాలకపోవడమే సమస్య అయితే ఇరవై మొక్కలున్న కుండీలో ఒక్కో మొక్క ఎక్కువ గిడసబారుతుంది. మట్టిలో విషం ఉంటే తిరగబడుతుంది. ఉన్న విషాన్ని ఇరవై మొక్కలు పంచుకుంటాయి కాబట్టి ఒక్కోదానికి తక్కువే అందుతుంది. రెండే ఉన్న కుండీలో మొక్కలు ఎక్కువ దెబ్బతింటాయి. కుండీలు, మట్టి, త్రాసు చాలు. ఈ లెక్క ఒకసారి చేతులతో చేసిన విద్యార్థి జన్మలో పోటీని విషం అనుకోడు.

జొన్న గురించి ఒక్క మాట. జొన్న కోసిన చేలో తర్వాత పంట ఎదగదని, జొన్న నేలను పీల్చేస్తుందని మెట్ట రైతులందరూ అంటారు. జొన్న వేరువెంట్రుకల కొనల మీద పసుపు చుక్కల్లా సోర్గోలియోన్ అనే నూనె లాంటి పదార్థం ఊరుతుంది, అది లేత కలుపు మొక్కల్ని దెబ్బతీస్తుంది. కానీ జొన్న మోళ్లలో కార్బను ఎక్కువ, నత్రజని తక్కువ. వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలో ఉన్న నత్రజనిని లాగేసుకుంటాయి. ఈ రెంటిలో ఏది? సగం మళ్లలో యూరియా అదనంగా వేసి చూస్తే నత్రజని వాటా ఎంతో చాలావరకు తెలుస్తుంది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. జపాన్‌లో పనిచేసిన జి.వి. సుబ్బారావు బృందం సోర్గోలియోన్ నేలలో నైట్రేటు తయారుచేసే బాక్టీరియాను కూడా అడ్డుకుంటుందని చూపింది. అంటే నిందితులిద్దరూ చేయి కలిపి ఉండొచ్చు.

ఇప్పుడు నాకు ఎప్పుడూ ఎదురయ్యే అభ్యంతరం: మన కాలేజీల్లో మాస్ స్పెక్ట్రోమీటరు (ఏ రసాయనం ఎంత ఉందో పట్టి చెప్పే యంత్రం) లేదు కదా, కెమిస్ట్రీ లేకుండా అలెలోపతి ఏమిటి? కెమిస్ట్రీ కావాలి, ఖచ్చితంగా కావాలి. మట్టిలో ఆ పదార్థం ఉందో లేదో, ఎంత ఉందో, ఎన్నాళ్లుంటుందో కొలవకుండా రుజువు పూర్తికాదు. అమెరికాలో నాప్‌వీడ్ అనే కలుపు కాటెకిన్‌తో పక్క మొక్కల్ని చంపుతోందని 2003లో గొప్పగా ప్రచురించారు. తర్వాత ఇతరులు చేలకు వెళ్లి మట్టిని కొలిస్తే అంత కాటెకిన్ దొరకలేదు. కానీ ఏ మట్టి నమూనా, ఏ లోతు నుంచి, ఏ రోజున తీయాలో తెలిసిన మనిషి లేకపోతే కోటి రూపాయల యంత్రం కూడా అంకె ఇస్తుంది గానీ జవాబివ్వదు. రెండేళ్లు పొలంలో పనిచేసిన విద్యార్థి నమూనాలు పట్టుకుని హైదరాబాదులోనో గుంటూరులోనో యంత్రం ఉన్న చోటికి వెళితే, ఏం వెతకాలో తెలిసి వెళతాడు. కెమిస్ట్రీ నుంచి ఒకరిని, వ్యవసాయం నుంచి ఒకరిని జంటగా కలిపి ఒకే ప్రశ్న ఇస్తే ఇంకా మంచిది.

రెండో అభ్యంతరం పొగాకు మీద. మనుషుల్ని చంపే పంట మీద పిల్లల శ్రమ ఎందుకంటారు. పొగాకు తగ్గాలన్నది నాకూ సమ్మతమే. కానీ మల్లె జాతి పొగాకుతో ఆగదు. ఉత్తరాన ఆవ చేలనూ, టమాటా, వంగ చేలనూ దాని దాయాదులు తినేస్తున్నాయి. పొగాకు మానేసి వేరే పంటకు వెళ్లాలనుకునే రైతుకు తన నేలలో ఏ గింజ పొంచి ఉందో తెలియాలి. టమాటా, వంగ వేసుకోమని సలహా ఇచ్చేవాళ్లు, అవి కూడా సొలనేసి కుటుంబమే అని గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

కెన్యాలో విక్టోరియా సరస్సు ఒడ్డున మన దేశంలో పుట్టిన జియావుర్ ఖాన్, సహచరులు మొక్కజొన్న సాళ్ల మధ్య డెస్మోడియం అనే చిక్కుడుజాతి మేత మొక్క వేసింది కాండం తొలిచే పురుగు కోసం. అది వేసిన మళ్లలో స్ట్రైగా కూడా తగ్గడం వాళ్ల కళ్లబడింది. డెస్మోడియం వేళ్లలో ఏముందో ఆ తర్వాత తేల్చారు. ముందు చేను, తర్వాత కెమిస్ట్రీ. ఇవాళ అక్కడ చిన్న రైతులు ఆ పద్ధతి వాడుతున్నారు.

మార్చాల్సినవి మరీ పెద్దవేం కావు. అగ్రికల్చరు బీఎస్సీ పిల్లలు చివరి ఏడాదిలో కొంతకాలం ఎలాగూ పల్లెల్లో ఉంటారు. ఆ సమయంలో మల్లె పడ్డ చేలకు వాళ్లను జతచేయొచ్చు. సైన్సు కాలేజీల్లో ప్రాజెక్టు కాలం నాటు నుంచి కోత దాకా ఉండాలి, పరీక్షల ముందు ఆరు వారాలు సరిపోదు. "ప్రభావం కనిపించలేదు" అని రాసిన రిపోర్టుకు, పని సవ్యంగా చేసి ఉంటే, మార్కులు తగ్గకూడదు. ఈ నియమం లేనంత కాలం పిల్లలు ఇరవై శాతం ద్రావణమే పోస్తారు, పోయక ఏం చేస్తారు? మల్లె పీకిన కూలీల పేర్లు, వాళ్లు ఒప్పుకుంటే, రిపోర్టులో కృతజ్ఞతల్లో రావాలి. వైవాలో మొదటి ప్రశ్న "మీరు చెప్పిన కారణం తప్పని చూపడానికి ఏం చేశారు?" అన్నదే కావాలి.

అక్టోబరులో వానలు పడ్డాక పొగాకు నాటు మొదలవుతుంది. కిందటేడు మల్లె ఏ చేలో విరగబడిందో ఊళ్లో అందరికీ తెలుసు. లెక్చరర్లు అంతకు ముందే వెళ్లి ఆ రైతులతో మాట్లాడుకుని, నైలాన్ గుడ్డ కొని, పొట్లాలు కుట్టించి సిద్ధంగా పెట్టుకోవచ్చు.